ఓడ జాబితాలో అచ్చమ్మ పేరు దొరకట్లేదు (విశాఖపట్నం జిల్లా)

సత్యవతి_అనకాపల్లి, రాత్రి 11:40
సాయంత్రం ఏడింటి నుంచి కూర్చున్నాను, ఒక్క ముక్క దొరకలేదు. మా తాతగారి మేనత్త అచ్చమ్మ 1869లో ఓడెక్కి వెళ్లిపోయింది. మన వైపు నుంచి చెరకు తోటలకి వెళ్లిన మొదటి ఆడవాళ్లలో ఆమె ఒకరని ఇంట్లో చెప్పుకుంటారు. మా వాళ్లు అనకాపల్లి రాకముందు ఏ ఊరివాళ్లో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆమె కాగితంలోనైనా ఊరు ఉంటుందని ఆశ. ఓడ జాబితాల్లో పేరు కొట్టాను, ఇంటిపేరు కొట్టాను, విశాఖపట్నం రేవు కొట్టాను. అన్నిటికీ సున్నా. విశాఖ నుంచి బయల్దేరిన ఓడల జాబితా వేరే ఎక్కడైనా ఉందా? కొడుకు మాత్రం అక్కడే 1872లో పుట్టాడు. ఎవరైనా దారి చెప్పండి, దయచేసి.

డి.వి.ఆర్., రాత్రి 11:52
ఏ దేశం?

వంశవృక్షాలు, రాత్రి 11:58
అమ్మా, గోత్రం రాయలేదు మీరు. ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు ఈ మూడూ లేకుండా వంశం వెతకడం చీకట్లో సూది వెతకడమే. ఓడల సంగతి తర్వాత చూడొచ్చు. మీ కులంవారి వంశావళి చెప్పేవాళ్లు ఎవరో ముందు కనుక్కోండి. రెడ్లకీ కాపులకీ పిచ్చిగుంట్లవారు, అంటే వంశరాజులు, తరాలు అప్పజెబుతారు. వాళ్లు వచ్చినప్పుడు ఊరికే వినొద్దు, ఫోనులో రికార్డు చేసుకోండి. మూలపురుషుడి ఊరు పేరు పాట మొదట్లోనే వస్తుంది, అది జారిపోతే మళ్లీ అడగడం కష్టం. పురోహితుడి దగ్గర తద్దినాల పుస్తకం ఉంటే మూడు తరాల పేర్లు తేలతాయి. ఇంతటి సంపద ఇంట్లో పెట్టుకుని మనం కంప్యూటర్లో వెతుక్కుంటున్నాం.

డి.వి.ఆర్., రాత్రి 12:04
వంశరాజులు చెప్పేది మగవరస. ఆడపిల్ల పెళ్లయ్యాక ఆ వరసలో ఉండదు. ఓడెక్కిన ఆడమనిషి అసలే ఉండదు. దేశం చెప్పమనండి.

వంశవృక్షాలు, రాత్రి 12:11
ఆమె అన్నదమ్ముల వరస ఉంటుంది కదా. వాళ్ల ఊరే ఆమె ఊరు. నేను చెప్పింది అదే.

సత్యవతి_అనకాపల్లి, ఉదయం 5:50
దక్షిణాఫ్రికా అండి. రాశాననుకున్నాను. డర్బన్ దగ్గర. ఆమె మునిమనవళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఇంటిపేరు నాయుడు అని రాసుకుంటున్నారు. మాది మాత్రం ఆ ఇంటిపేరు కాదు, అదీ అర్థం కావట్లేదు.

పాతకాగితం, ఉదయం 6:35
డర్బన్ అంటే నేటాల్, అప్పటి ఇంగ్లీషు వలసరాజ్యం. నేటాల్ అయితే దారి ఉందండి. మీకు సున్నా రావడానికి మూడు కారణాలు కనబడుతున్నాయి.

మొదటిది 1869. ఆ ఏడు కూలీల ఓడ ఒక్కటీ నేటాల్ వెళ్లలేదు. మద్రాసు నుంచి తొలి ఓడ ట్రూరో 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. పది రోజులకి కలకత్తా నుంచి బెల్వెడేర్ వచ్చింది. 1866లో అక్కడ మాంద్యం వచ్చి మనుషుల్ని రప్పించడం ఆపేశారు, మళ్లీ మొదలైంది 1874లో. కాబట్టి కొడుకు 1872లో అక్కడ పుట్టిన మాట నిజమైతే ఆమె 1866 లోపే దిగి ఉండాలి. 1874 తర్వాత వెళ్లిందంటే కొడుకు పుట్టిన ఏడైనా తప్పు, పుట్టిన చోటైనా తప్పు. ఇది తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు. తేలితే పని చాలా తగ్గుతుంది: 1860–66 మధ్య దిగినవాళ్లు సుమారు 6,400 మంది, 1911 దాకా మొత్తం చూస్తే 1,52,000 పైచిలుకు.

రెండోది రేవు. నేటాల్ ఓడలు ఎక్కింది మద్రాసులో గానీ కలకత్తాలో గానీ. విశాఖపట్నం జిల్లా గడిలో వస్తుంది, రేవు గడిలో రాదు. అదీ పాత ఇంగ్లీషు అక్షరక్రమంలో, ‘వైజాగపటం’ అని చదివేట్టు ఉంటుంది. మధ్యలో ‘జడ్’ ఉంటుంది, ‘ఎస్‌హెచ్’ ఉండదు. మొదటి మూడు అక్షరాలు మాత్రం కొట్టి చూడండి.

మూడోది ఇంటిపేరు. ఆ జాబితాల్లో మన ఇంటిపేరుకి గడే లేదు. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. కొన్నిట్లో ఎత్తు, ఒంటిమీద మచ్చలు కూడా రాశారు. ఇంటిపేరు అడిగే అధికారులకి జనం తండ్రి పేరో కులం పేరో చెప్పారు, తర్వాతి తరానికి అదే ఇంటిపేరయి కూర్చుంది. అక్కడి నాయుడు అలా వచ్చిందే. దాన్ని బట్టి ఇక్కడి ఇంటిపేరు పట్టలేం.

ఇక పేరు. గుమాస్తా చెవికి వినబడిందే రాశాడు. ‘చ్చ’ని టి-సి-హెచ్ అని రాయడం మామూలు. పొట్టి ‘అ’ని ‘యు’తో రాసేవాళ్లు, ‘అమ్మ’ చివర ‘హెచ్’ తగిలించేవాళ్లు. అచ్చమ్మ ఒక్కటే అట్చమా, అచమా, ఉచ్చుమ్మా అని మూడు నాలుగు రకాలుగా కనబడొచ్చు. ఒక్కోసారి ‘అమ్మ’ పూర్తిగా ఎగిరిపోయి ‘అట్చీ’ మిగులుతుంది. వయసు కూడా కంటితో అంచనా వేసిందే, అటు అయిదు ఇటు అయిదు వదులుకోండి.

కళింగసీమ, ఉదయం 7:10
పాతకాగితం గారూ, 'కూలీల ఓడ' అనడం బాధగా ఉంది. వాళ్లు కాగితం మీద ఒప్పందానికి అయిదేళ్లకి కట్టుబడ్డ మనుషులు. గిరిమిట్ వలస అనండి.

పాతకాగితం, ఉదయం 7:25
మీ బాధ న్యాయమైనదే. కానీ ‘గిరిమిట్’ అగ్రిమెంట్ అనే మాట నుంచి వచ్చింది, పాత ఫైళ్లలో ఆ మాటతో వెతికితే ఏమీ రాదు. 1872 దాకా అక్కడి అధికారి హోదాయే ‘కూలీ ఏజెంట్’. 1871లో రెడ్ రైడింగ్ హుడ్ ఓడలో మద్రాసు తిరిగొచ్చినవాళ్లు జీతాలు ఎగ్గొట్టారని, కొట్టారని ఫిర్యాదు చేశాక విచారణ కమిషన్ వేశారు. అప్పుడు ఆ పదవి ‘ప్రొటెక్టర్’, అంటే వలసవాళ్ల సంరక్షకుడు, అయింది. కాబట్టి సత్యవతి గారు 1872 ముందు కాగితాలకి ఆ పాత మాటే కొట్టాలి, తర్వాతివాటికి ‘ఇండియన్ ఇమిగ్రెంట్’ అని కొట్టాలి. మనసుకి నచ్చకపోయినా కేటలాగు తెరుచుకునేది ఆ మాటతోనే.

కళింగసీమ, ఉదయం 7:41
వెతకడానికి సరే. మనం మాట్లాడుకునేటప్పుడు అక్కర్లేదు.
జిల్లా విషయం కూడా చెప్పాలి. ఇప్పటి మ్యాపు పక్కన పెట్టుకుని వెతికితే మోసపోతారు. శ్రీకాకుళం, అప్పటి చికాకోల్, 1936 దాకా గంజాం జిల్లా. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం అన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది, అంతకు ముందు అది రాజమండ్రి జిల్లా. గుంటూరు 1904 దాకా కృష్ణాలో ఉంది. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాడు, అందుకే ఉత్తర ఆర్కాడు అనగానే తమిళులని అనుకోకూడదు. ఇంట్లో ‘విశాఖ జిల్లా’ అని చెప్పుకునేది ఇప్పటి లెక్కా, అప్పటి లెక్కా?

డి.వి.ఆర్., ఉదయం 7:50
కొడుకు కాగితాలు ఏమున్నాయి? నెంబరు ఉందా?

నేటాల్_తెలుగు, ఉదయం 9:20
డి.వి.ఆర్. గారు అడిగిందే అసలు ప్రశ్న. ఓడ దిగిన ప్రతి మనిషికీ, చంకలో బిడ్డకి కూడా, ఒక వలస నెంబరు ఇచ్చారు. 1 నుంచి మొదలై ఓడ తర్వాత ఓడ వరసగా సాగింది. తోట మారినా, మొగుడు మారినా, పేరు రాసే తీరు మారినా నెంబరు మారదు. ఆడవాళ్ల విషయంలో అదొక్కటే నమ్మదగ్గ దారం. ఇక్కడ నేటాల్లో పుట్టిన పిల్లల జనన, వివాహ, మరణ కాగితాల్లో తల్లిదండ్రుల పేర్ల పక్కన ఆ నెంబర్లు రాసేవారు.

వెనక నుంచి ముందుకి వెళ్లండి. కొడుకు మరణం, తర్వాత పెళ్లి, తర్వాత పుట్టుక. ఫ్యామిలీసెర్చ్‌లో నేటాల్ రిజిస్టర్ల స్కాన్లు ఉన్నాయి, ఖాతా ఉచితమే. అన్నిటికీ పేర్ల సూచిక లేదు, కొన్ని పుటపుటా తిప్పాలి. కొడుక్కి భూమి ఉండి చనిపోయి ఉంటే ఎస్టేట్ ఫైలు, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి పంపకం ఫైలు, ఉండే అవకాశం ఎక్కువ. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ సూచిక ‘నైర్స్’లో పీటర్‌మారిట్స్‌బర్గ్ కాగితాలకి ‘ఎన్‌ఏబీ’ ఎంచుకుని కొడుకు పేరు కొట్టండి. ‘ఎమ్‌ఎస్‌సీఈ’ అని వస్తే అది ఎస్టేట్ ఫైలు, ‘ఐఐ’ అని వస్తే వలస శాఖ ఫైలు. సూచికలో శీర్షిక మాత్రమే కనబడుతుంది, లోపలి కాగితం కావాలంటే సంపుటి నెంబరు, రిఫరెన్సు నెంబరు రెండూ రాసుకుని నకలు అడగాలి. ఎస్టేట్ ఫైల్లో మరణ ప్రకటన పత్రం ఉంటే అందులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు దొరుకుతాయి.

నెంబరు దొరికాక క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్ వారి ఓడ జాబితాల్లో ఆ నెంబరు చూడండి. అక్కడితో ఆగొద్దు. దానికి పైన పది, కింద పది నెంబర్లు కూడా రాసుకోండి. ఒకే కుటుంబం, ఒకే ఊరి గుంపు సాధారణంగా వరసగానే ఉంటాయి. ఆమె గడిలో ఊరు చదవడానికి రాకపోతే పక్క నెంబరు వాళ్ల ఊరు సాయపడుతుంది. ఓడెక్కే ముందు ఉంచే మద్రాసు డిపోలోనే జతకట్టిన పెళ్లిళ్లూ ఉన్నాయి, అందుకని పక్కన ఉన్న మగమనిషి ఊరే ఆమెదని తీర్మానించకండి. అలాగే మొగుడి పేరు లేకపోతే ఒంటరిదని కాదు, మన పద్ధతి పెళ్లి చాలాసార్లు రిజిస్టరు కాలేదు.

వంశవృక్షాలు, ఉదయం 10:05
కులం గడి ఉందన్నారు. అది ఉంటే గోత్రం దాకా వెళ్లొచ్చు. తెలిసినవాళ్లు ఒకచోట ‘జెంటూ’ అని చూశారట. ఆ కులం నేనెప్పుడూ వినలేదు.

పాతకాగితం, ఉదయం 10:18
జెంటూ కులం కాదండీ. ఆ కాలపు మద్రాసు ఇంగ్లీషులో జెంటూ అంటే తెలుగువారు. మలబార్ అని రాస్తే చాలాసార్లు తమిళులు, కేరళవాళ్లు కాదు. కులం గడిలో భాష, మతం, కులం అన్నీ కలిపి రాశారు. దాని మీద గోత్రం కట్టొద్దు.

వంశవృక్షాలు, ఉదయం 10:26
కులం అని గడి పెట్టి భాష రాస్తే అది ఎవరి తప్పు? తెలుగువారిని జెంటూ అనడం ఏ నిఘంటువులో ఉందో చెప్పండి.

డి.వి.ఆర్., ఉదయం 10:31
పాత ఇంగ్లీషు నిఘంటువు ఏదైనా చూడండి.

సత్యవతి_అనకాపల్లి, మధ్యాహ్నం 1:15
కొడుకు పెళ్లి కాగితం ఫోటో నా దగ్గర ఉందండి. తల్లి పేరు పక్కన నాలుగంకెలు ఉన్నాయి, 2తో మొదలవుతుంది. ఫైలు నెంబరు అనుకుని పట్టించుకోలేదు. ఫోటో ఇక్కడ పెట్టనా?

అడ్మిన్, మధ్యాహ్నం 1:20
పెట్టకండి. అందులో బతికున్నవాళ్ల వివరాలు ఉండొచ్చు.

నేటాల్_తెలుగు, మధ్యాహ్నం 1:48
2తో మొదలయ్యే నాలుగంకెలు అంటే మొదటి 6,400 లోపు నెంబరు, 1866 ముందు ఓడే. 1872 సరిపోయింది, 1869 తప్పు. ఇప్పుడు పేరు కొట్టకుండా నెంబరు ఒక్కటే కొట్టండి. వచ్చిన ఎంట్రీలో ఆడమనిషేనా, వయసు కొడుకు పుట్టుకకి సరిపోతుందా చూసుకోండి. పాత చేతిరాతలో 1, 7 కలిసిపోతాయి, 3, 8 కూడా. మగవాడి పేరు వస్తే ఆ అంకెలు మార్చి చూడండి.

కళింగసీమ, మధ్యాహ్నం 2:30
ఊరు దొరికాక ఇక్కడి సంగతి: 1860ల నాటి పల్లెల్లో జనన రిజిస్టరు కోసం తిరగొద్దు, ఉండదు. విశాఖ జిల్లాలో ఎక్కువ ఊళ్లు జమీందారీలు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వాటికి రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే పద్ధతి) సెటిల్‌మెంట్ జరిగింది. అంతకు ముందు పేర్లు కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత భాగపరిష్కార దస్తావేజులు, ఎస్టేటు లెక్కలు చూడాలి. గోదావరి వైపు రైత్వారీ ఊరైతే డైగ్లాట్ రిజిస్టరులో, అంటే రెండు భాషల్లో రాసిన భూమి లెక్కల పుస్తకంలో, పట్టాదారు పేర్లు దొరుకుతాయి. అన్నదమ్ముల పేర్లు ముందు రాసుకుని వెళ్లండి, ఆమె పేరుతో ఏదీ దొరకదు.

సత్యవతి_అనకాపల్లి, రాత్రి 9:05
వచ్చింది. ‘7’ని ‘1’ అనుకున్నాను. పేరు అట్చమా, వయసు 18. జిల్లా మాత్రం రాజమండ్రి అని ఉంది. అందరికీ థాంక్సండి.

కళింగసీమ, రాత్రి 9:12
1859లో పేరు మారినా గుమాస్తాలు పాతదే రాసి ఉండొచ్చు. తుని వైపంతా ఆ జిల్లాయే, మీకు అది దగ్గరే. తాలూకా, ఊరు గడుల్లో ఏముంది? తండ్రి పేరు?

నేటాల్_తెలుగు, రాత్రి 9:40
పైన పది, కింద పది రాసుకున్నారా?

వంశవృక్షాలు, రాత్రి 10:02
కులం గడిలో ఏం రాశారో కూడా చెప్పండి.