ఇంజిన్‌కి 3600, కార్ల్‌సెన్‌కి 2882: రెండూ ఒకే కొలతా?

ప్రశ్న:
చెస్ ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సెన్ రేటింగ్ 2014లో 2882కి చేరింది. అంతకు మించిన రేటింగ్ ఏ మనిషికీ రాలేదు. చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాముల (ఇంజిన్ల) జాబితాల్లో స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌కి 3600 పైనే ఉంటుంది. ఇద్దరి మధ్య తేడా 700 పైమాటే అనుకోవచ్చా? ఇంకో సంగతి, నా ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1650. చెస్ యాప్‌లో 1900 రేటింగున్న బాట్‌ని (కంప్యూటర్ ఆటగాడిని) తరచూ ఓడిస్తున్నాను. దేన్ని నమ్మాలి?

జవాబు:
ఆ రెండు అంకెల్నీ తీసివేత చేయకండి. ఈ రేటింగ్‌లను లెక్కించే ఈలో పద్ధతి చెప్పేది ఆటగాళ్ల మధ్య తేడా ఒక్కటే. మీకంటే 200 ఎక్కువున్నవాడు మీతో వంద గేములాడితే దాదాపు 76 పాయింట్లు (గెలుపుకి ఒకటి, డ్రాకి అర) తెచ్చుకుంటాడు. జాబితాలో అందరికీ తలా వెయ్యి కలిపినా ఈ లెక్క మారదు. అందుకే ఎవరితో ఆడి తెచ్చుకున్న రేటింగ్ అన్నదే అసలు ప్రశ్న. ఇప్పటి ఇంజిన్లు ఇంజిన్లతోనే ఆడుతున్నాయి.

ఒకప్పుడు మనుషులు, ఇంజిన్లు అనే ఈ రెండు గుంపులకీ లంకె ఉండేది. స్వీడన్ కంప్యూటర్ చెస్ సంఘం వాళ్లు 1980ల చివర్లో అక్కడి టోర్నమెంట్ ఆటగాళ్లతో కంప్యూటర్లను ఆడించి, తమ జాబితాను మనుషుల రేటింగ్‌కి ముడివేశారు. తర్వాత అంకెలు మరీ ఎక్కువగా కనిపించడంతో 2000లో జాబితా మొత్తాన్ని 100 పాయింట్లు కిందికి దించారు. నాకు ఇది చాలా నచ్చిన పని. ఆ నిజాయితీ ఇప్పటి యాప్‌లలోనూ ఉండాలి.

2005లో హైడ్రా అనే చెస్ కంప్యూటర్ చేతిలో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్ 5.5–0.5తో ఓడిపోయాడు. ఒక పక్కే అన్నీ గెలుస్తుంటే తేడా 500 అయినా 900 అయినా స్కోరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇక కొలిచేదెలా?

ఇంకో జవాబు:
మనుషుల రేటింగూ కదులుతుందండి. 2024 మార్చిలో ఫిడే 2000 లోపు వాళ్ల రేటింగ్‌లను పెంచింది. 1500 ఉన్నవాళ్లు తెల్లారేసరికి 1700 అయ్యారు, ఆట మాత్రం అదే.

ప్రశ్న అడిగినవారు:
మరి నా బాట్ సంగతి?

మొదటి జవాబిచ్చినవారు:
చాలా బాట్లు బలమైన ఇంజిన్‌కి కావాలని తప్పులు కలిపి తయారుచేసినవే. పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా వేసి, పదకొండోది ఊరికే ఏనుగును వదిలేస్తుంది. మీరు దానికోసం కాచుకోవడం నేర్చుకుంటారు. 1900 మనిషి అలా వదలడు, మెల్లగా నొక్కుతూ పోతాడు. 1650నే నమ్మండి, అది మనుషులతో ఆడి తెచ్చుకున్నది.