అప్‌డేట్: మోకాలి వంపు కొలిచే సెన్సర్ సమస్య తీరింది

ఆపరేషన్ తర్వాత అమ్మ మోకాలి వంపు కొలవడానికి రెండు ఎంపీయూ-6050 సెన్సర్లు (ఒక్కోదానిలో గైరోస్కోపు, యాక్సిలరోమీటర్ ఉంటాయి), ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో చేసిన పరికరంలో, కాలు కదలకపోయినా కోణం పెరిగిపోతోందని లోగడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది కాంప్లిమెంటరీ ఫిల్టర్, అంటే ఆ రెండింటి కొలతలనూ వాటాల ప్రకారం కలిపే లెక్క. గైరోస్కోపు ఇచ్చేది కోణం కాదు, తిరిగే వేగం. దాన్ని కూడుతూ పోతే చిన్న దోషమైనా పేరుకుపోతుంది. గైరో లెక్కకు 0.98, భూమ్యాకర్షణ దిశను బట్టి యాక్సిలరోమీటర్ చెప్పే కోణానికి 0.02 వాటా ఇవ్వగానే అంకె నిలిచింది. వైర్లు, అడాప్టర్ మార్చడం వల్ల ఏ తేడా రాలేదు.

అయినా కీళ్ల కోణం కొలిచే సాధనమైన గోనియోమీటరు కన్నా వంపు తక్కువే చూపింది. కారణం గుంటూరులో మా ఫిజియోథెరపిస్టు పట్టుకున్నారు, ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాం: పిక్క మీద కట్టిన సెన్సర్ పట్టీ కాలు వంచినప్పుడు జారుతోంది. కాలి ముందువైపు చదునైన ఎముక మీదకు మార్చాక కొలతలు దగ్గరపడ్డాయి. కాలు పూర్తిగా చాపలేనివారు మాత్రం తాము చాపగలిగినంత స్థితినే కొలతకు సున్నాగా తీసుకోకూడదట.