‘ఇంతింతై’ పద్యంలో ‘ప్రభారాశి’ ఎవరు?

నల్లగొండ నుంచి: 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన నాటి నుంచి, బడిలో అంతరిక్షం మాట ఎత్తినప్పుడల్లా, భాగవతంలో వామనుడు ఆకాశానికి ఎదిగే పోతన గారి పద్యం “ఇంతింతై వటుడింతయై” నోటికి వస్తున్నది. రెండవ పాదం చివర మా నాయన “గ్రహరాశిపై” అని చదివేవారు. అచ్చులో రెండవ పాదం “నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై” అని, మూడవది “నంతై చంద్రునికంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై” అని ఉన్నది. గ్రహాలనూ రాశులనూ దాటి పెరిగాడన్న అర్థం జ్యోతిషానికి దగ్గరగా లేదా?

దేవరకొండ నుంచి: పద్యం శార్దూలం కదండీ. “ల్లంతైప్ర” తగణం, “భారాశి” మరొక తగణం. “గ్రహరాశి” అంటే ఆ చోట “హరాశి” పడి జగణమవుతుంది. నాయన గారి పాఠం గణాలలో ఇమడదు.

వనపర్తి నుంచి: గణం తేలింది గానీ అర్థం తేలలేదు. ప్రభారాశి అంటే వెలుగుల ప్రోగు; అది సూర్యుడే అయితే వామనుడు సూర్యుణ్ణి దాటిన తరువాత చంద్రుణ్ణి అందుకున్నట్టు. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలోనూ, సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉన్నారు. పంచాంగంలో గంటకొక గ్రహాన్ని అధిపతిగా చెప్పే హోరల వరుస కూడా, దూరపు గ్రహం నుంచి దగ్గరి గ్రహానికి, శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర అనే నడుస్తుంది; అందులో మనకు అందరికన్నా దగ్గరివాడు చంద్రుడే. అంతటి కవి దీనిని తారుమారు చేశాడంటే నా మనసు ఒప్పదు. మబ్బుల వెంటనే వచ్చింది కనుక ప్రభారాశి మెరుపుల సమూహమని నా అభిప్రాయం.

దేవరకొండ నుంచి: “తోయదమండలాగ్రము” అని మబ్బుల పైకొసను చెప్పిన తరువాత మళ్ళీ మెరుపులకు దిగి రావలసిన పని లేదు. పోతన గారు ఇక్కడ గ్రహగణితం చేసే సిద్ధాంతుల లెక్కను కాక, పురాణపు లెక్కను పట్టుకున్నారు. భాగవతంలో ఈ సంగతి చెప్పే పంచమ స్కంధం తెలుగు గంగన గారిది కాబట్టి సంస్కృత మూలమే చూడండి. “అర్కగభస్తుల” మీద లక్ష యోజనాల ఎత్తున చంద్రుడు ఉన్నాడని అక్కడ స్పష్టంగా ఉన్నది. ఆ సూర్యకిరణాల మొత్తమే ప్రభారాశి. ఆపైన నక్షత్రాలు, శుక్రుడు మొదలు శని దాకా గ్రహాలు, సప్తర్షులు, వారికి 13 లక్షల యోజనాల పైన ధ్రువుడు.

మక్తల్ నుంచి: సప్తర్షుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా దగ్గరి ముడుమాల్ నిలువురాళ్ళ చోట ఒక బండ మీద ఆ మండలం ఆకారంలో గుంటలు తొలిచి ఉన్నాయి. పద్యంలో మాత్రం వామనుడు చంద్రుని దగ్గర నుంచి గురువును, శనిని, సప్తర్షులను ఎవరినీ పలకరించకుండా ధ్రువుని పైకి వెళ్ళిపోయాడు. మొదటి పాదంలో “ఇంతింతై” అని కొంచెం కొంచెంగా ఎదిగినవాడు మూడవ పాదానికి వచ్చేసరికి లోకాలకు లోకాలు దాటుతున్నాడు. ఆ వేగం పోతన గారికి తప్ప మరొకరికి చేతకాదు.

కొల్లాపూర్ నుంచి: పంచాంగం గణించే ఇంటివాణ్ణి కనుక ఒక మాట. గ్రహగణిత గ్రంథమైన సూర్యసిద్ధాంతం “ఛాదకో భాస్కరస్యేందురధఃస్థో ఘనవద్భవేత్” అంటున్నది. చంద్రుడు కింద ఉండి మబ్బులాగా సూర్యుణ్ణి కప్పుతాడని దాని అర్థం. ఆ లెక్కతోనే గ్రహణానికి పట్టు విడుపులు కడతాము; అటు భాగవతాన్నీ పారాయణం చేస్తాము. సిద్ధాంతం చెప్పేది దూరం, పురాణం చెప్పేది ఎత్తు. ఈ రెండింటినీ ఒకే కొలబద్దతో చూడకూడదని నా నమ్మకం.

వనపర్తి నుంచి: పంతులు గారూ, ఎత్తే లెక్క అయితే విభక్తి చూడండి. నభోవీధి“పై”, ప్రభారాశి“పై”, ధ్రువుని“పై”, మహర్వాటి“పై” అన్న కవి చంద్రుని“కి” అంతయై అన్నాడు. చంద్రుని మట్టానికి వచ్చాడే గాని పైకి పోయాడని అనలేదు.

దేవరకొండ నుంచి: “చంద్రునిపైనంతై” అంటే మూడవ గణం జగణం కాకుండా పోతుంది. అందుకే ‘కి’ వేశారు.

వనపర్తి నుంచి: గణం కోసం విభక్తి మార్చుకునే కవి కాడు పోతన. మబ్బుల దగ్గర కూడా “అగ్రమునకు” అనే ఉన్నది, “పై” లేదు. మబ్బుకూ చంద్రునికీ ఒకే విభక్తి ఎందుకు వేశాడో ముందు చెప్పండి, ప్రభారాశి సంగతి తరువాత చూద్దాము. తాటాకు ప్రతులు చూసినవారు ఎవరైనా ఉంటే మూడవ పాదానికి పాఠాంతరం ఉందేమో దయచేసి రాయండి.