మలేరి ఎర్రమట్టిలో గుంటల ఎముక: ఉభయచరమా, ఫైటోసారా?

గోండ్వానా_పొర:
ఆసిఫాబాద్ వైపు మలేరి ఫార్మేషన్ (ట్రయాసిక్ కాలపు రాతిపొరలు) ఎర్ర మట్టిరాయిలో వానలకు కొన్ని ముక్కలు బయటపడ్డాయి. అరచేయంత పలక ఒకటి, మందం 12 మి.మీ., ఒకవైపు గుంటలు, రెండోవైపు నునుపు. పక్కనే బిళ్లలాంటి వెన్నుపూస, విరిగిన పంటి మొదలు. ఫోటోలు తీసి, జీపీఎస్ రాసుకుని అన్నీ అక్కడే ఉంచాం. ఇది మెటపోసార్ అనే అంతరించిన పెద్ద ఉభయచరానిదా, మొసలిలాంటి సరీసృపం ఫైటోసార్ వీపు పలకా? ఎముక నిండా బీటలున్నాయి. నీళ్లతో కడిగి, పలచని ఫెవికాల్ పూయొచ్చా?

ఎముకలగూడు:
గుంటలు కనిపించగానే ఉభయచరం అనెయ్యకండి, ఫైటోసార్ పలకలకూ గుంటలుంటాయి. చూడాల్సింది వాటి అమరిక. మెటపోసార్ కపాలం, ఛాతీ పలకల్లో ఎముక పెరుగుదల మొదలైన చోట గుంటలు చిన్నగా, పలుకోణాలతో తేనెపట్టు గదుల్లా కిక్కిరిసి ఉంటాయి. అంచుకు పోయేకొద్దీ సాగి చాళ్లవుతాయి. ఫైటోసార్ వీపు పలకకు చాలాసార్లు పైన ఒక గట్టు లేచి ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఫోటోలో ఈ తేడా చెరిగిపోతుంది. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి మళ్లీ తీయండి.

వెన్నుపూస పొడవు దాని వ్యాసం కంటే బాగా తక్కువైతే మెటపోసార్ వైపే మొగ్గుతాను. ఫైటోసార్‌ది నడుము సన్నబడి, రెండు కొసలూ లోపలికి గుంటబడి, పొడుగ్గా ఉంటుంది. అసలు తీర్పు చెప్పేది పన్నే. పన్ను విరిగిన చోటును 10 రెట్ల లెన్సుతో చూడండి. డెంటిన్ (పింగాణి కింది గట్టి పొర) మడతలు పడి మధ్యకు చొచ్చుకుపోతే అది ఉభయచరం, పంటి మొదలు దగ్గర బయట నిలువు చాళ్లు కూడా కనిపిస్తాయి. మడతల్లేని వలయమైతే ఫైటోసార్.

కింది_మలేరి:
ముక్క ఏ పొరలోదో తేలితే సగం పని అయినట్టే. కింది మలేరిలో, అంటే ఈ ఫార్మేషన్ కింది పొరల్లో, దొరికే మెటపోసార్‌కు 1965లో రాయ్ చౌధురి మెటపోసారస్ మలేరియెన్సిస్ అని పేరు పెట్టారు. 2019 నుంచి అది పాంథాసారస్. దానితోపాటే ముక్కులాంటి మూతి ఉన్న సరీసృపం హైపరోడపెడాన్, ఫైటోసార్ జాతి పారాసూకస్, చిన్న డైనోసార్ అల్వాకేరియా దొరుకుతాయి. పై మలేరికి వచ్చేసరికి మెటపోసార్లు, హైపరోడపెడాన్ కనిపించవు. అక్కడి పెద్ద ఉభయచరాలు చిగుటిసార్లు, అంటే కాంప్సోసెరాప్స్, కుట్టిసెఫాలస్. వాటితో నంబాలియా, జక్లపల్లిసారస్ లాంటి తొలి సారోపోడోమార్ఫ్ (పొడుగు మెడ డైనోసార్ల వర్గం) డైనోసార్లు. కపాలం వెనక అంచున కొమ్ములాంటి పొడుచుకొచ్చిన ఎముక ఉంటే చిగుటిసార్‌ను అనుమానించండి. ఫైటోసార్లు మాత్రం పై పొరలోనూ ఉన్నాయి, కాబట్టి వాటి ముక్కతో పొరను తేల్చలేం.

ఇంకో మాట. వానకు తేలిన ముక్క పైవాలు నుంచి కొట్టుకొచ్చి ఉండొచ్చు. మట్టిరాయిలో పాతుకుని ఉన్న ముక్కలేవో, విడివిడిగా దొర్లినవేవో వేరువేరుగా రాయండి. పాంథాసారస్ మూల నమూనా కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. తవ్వకముందే అక్కడి జియలాజికల్ స్టడీస్ యూనిట్‌కు ఫోటోలు పంపండి.

ప్లాస్టర్_పట్టీ:
నీళ్లు వద్దు. బీటల్లోని బంకమట్టి తడికి ఉబ్బి ఎముకను చీలుస్తుంది. ఫెవికాల్ కూడా వద్దు. ఒకసారి బిగిశాక గుంటల్లోంచి శుభ్రంగా తీయడం చాలా కష్టం, తర్వాత ల్యాబులో పని చేసేవాళ్లకు పైపొర చేతికి రాదు. మెత్తటి బ్రష్షుతో ధూళి తీసి, 100 మి.లీ. అసిటోన్‌లో 5 గ్రాముల పారలాయిడ్ బి-72 (మళ్లీ అసిటోన్‌తో కరిగించి తీయగల యాక్రిలిక్ జిగురు) కరిగించి చుక్కలుగా బీటల్లోకి వదలాలి. ఎముక పూర్తిగా ఎండి ఉండాలి, తేమ ఉంటే తెల్లటి మసక పడుతుంది. మండుటెండలో అసిటోన్ లోపలికి ఇంకకముందే ఆవిరై పైన పొర మాత్రం మిగులుతుంది. అందుకే నీడ కట్టి చేయాలి.

ఎత్తేవాళ్లు పలక చుట్టూ 10 సెం.మీ. మట్టి వదిలి కందకం తవ్వాలి. ఎముక మీద తడి టిష్యూ మూడు నాలుగు పొరలు వేయాలి. అది మానేస్తే ప్లాస్టర్ గుంటల్లోకి దిగి ఎముకతో కలిసి ఊడుతుంది. ఆపైన ప్లాస్టర్‌లో ముంచిన గోనె పట్టీలు అడ్డంగా, నిలువుగా వేయాలి. అంచులు కిందికి మడవాలి, లేకపోతే తిప్పేటప్పుడు అడుగు జారిపోతుంది. ప్లాస్టర్ గట్టిపడ్డాకే అడుగు కోయాలి. తిప్పకముందే పైన ఉత్తరం బాణం, నంబరు, తేదీ రాసెయ్యాలి.

గోండ్వానా_పొర:
లెన్సుతో చూశాం, పంటిలో మడతలు స్పష్టంగా ఉన్నాయి. పలక మట్టిరాయిలోనే పాతుకుని ఉంది. పన్ను, వెన్నుపూస మాత్రం విడిగా దొర్లినవి.

ఎముకలగూడు:
అయితే పన్ను ఉభయచరానిదే. పలక అదే జంతువుదని మాత్రం ఇంకా రాయకండి, దానికి వేరే నంబరు ఇవ్వండి.