ఎ సర్టెన్ రేషియో ఫంక్ వైపు ఎందుకు తిరిగింది?

రాత్రిబండి:
వారం రోజులుగా మాంచెస్టర్ బ్యాండ్ ఎ సర్టెన్ రేషియో పాటలే వింటున్నాను. 1979లో వచ్చిన మొదటి సింగిల్ 'ఆల్ నైట్ పార్టీ'లో గిటార్ల రొద, దిగులు గొంతు. డ్రమ్స్ అసలు లేవు. 1982 నాటి ఆల్బమ్ 'సెక్స్‌టెట్' పెడితే బాస్, పెర్కషన్, ట్రంపెట్... కాలు ఆగడం లేదు. మూడేళ్లలో ఇంత మార్పా? క్లబ్బుల్లో ఆడతాయని, గరుకు రాక్ అయిన పంక్‌ను వదిలేసి, చిందులేయించే ఫంక్ పట్టుకున్నారని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

నాలుగుతీగలు:
మీ ఫ్రెండ్ మాట నేను ఒప్పుకోనండి. తేదీలు చూడండి. మాంచెస్టర్‌లో వీళ్ల రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ రికార్డ్స్ వాళ్ల హసియెండా క్లబ్ తెరిచింది 1982 మే 21న. 'సెక్స్‌టెట్' ఆ జనవరిలోనే వచ్చేసింది. వీళ్ల ఫంక్ సింగిల్ 'షాక్ అప్' అయితే 1980. అంటే వాళ్ల ఊళ్లో ఆ క్లబ్ లేనప్పుడే వీళ్లు ఈ దారి పట్టారు.

నా లెక్కలో అసలు మలుపు 1979లో డొనాల్డ్ జాన్సన్ డ్రమ్మర్‌గా చేరడం. నేను గుంటూరులో చర్చి క్వయర్‌లో పదకొండేళ్లుగా బాస్ గిటార్ వాయిస్తున్నాను. డ్రమ్మర్ రాని ఆదివారం నా చేతులు ఊరుకోవు. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఒక స్వరం కుక్కేస్తాను, పాట జారిపోతుందేమోనని టెన్షన్. అతను వచ్చి కూర్చున్నాడా, సగం స్వరాలు మానేస్తాను. ఎడమచేతి వేళ్లు తీగ మీద ఊరికే ఆనించి మీటితే స్వరం పలకదు, 'టక్' అని మాత్రం వస్తుంది. ఆ 'టక్' సరిగ్గా స్నేర్ డ్రమ్ దెబ్బ పక్కన పడితే చాలు, వెనక బెంచీల్లో పిల్లలు ఊగడం మొదలుపెడతారు. డ్రమ్మర్ లేని బ్యాండుకు ఈ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

'షాక్ అప్' వీళ్ల సొంత పాట కాదు, 1975లో బన్‌బారా అనే అమెరికన్ ఫంక్ బృందం చేసింది. వీళ్లు ఆ నడక ఉంచుకుని వేడి తీసేశారు. గిటార్ గీకుతున్నట్టు ఉంటుంది, గొంతులో ఏ భావమూ ఉండదు. నాకు ఆ చలి అంటేనే ప్రాణం.

ఇక న్యూయార్క్ సంగతి. 1980లో అమెరికా వెళ్లి, న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్‌తో 'టు ఈచ్...' ఆల్బమ్ రికార్డు చేశారు. అప్పుడే న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్ అక్కచెల్లెళ్ల బ్యాండ్ ఈఎస్‌జీతో పరిచయమైంది. ఆ అమ్మాయిల పాటలు విన్నారా? 'మూడీ'లో బాస్, డ్రమ్స్, చేత్తో వాయించే కాంగాలు, గొంతు. అంతే. దాన్ని రికార్డు చేసిందీ ఈ హానెట్టే. అంత తక్కువ సరుకుతో జనాన్ని ఆడించవచ్చని కళ్లారా చూశాక ఎవరైనా మారకుండా ఉంటారా?

తుప్పుటేపు:
అన్నా, డ్రమ్మర్ మాట నిజమే గానీ ఆ మార్పులో పోయింది కూడా ఉంది. 'ది గ్రేవ్‌యార్డ్ అండ్ ది బాల్‌రూమ్' క్యాసెట్ వినండి. ఒక వైపు గ్రేవ్‌యార్డ్ స్టూడియోలో చేసింది, ఇంకో వైపు లండన్ ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో లైవ్. డ్రమ్స్ వచ్చేశాయి, భయం మాత్రం ఇంకా పోలేదు. 'సెక్స్‌టెట్'ను హానెట్ లేకుండా బ్యాండే ప్రొడ్యూస్ చేసుకుంది. శుభ్రంగా ఉంది, బావుంది. కానీ ఒళ్లు జలదరించదు.

నాలుగుతీగలు:
తమ్ముడూ, ఆ జలదరింపు నాకూ కావాలి, కాదనను. అయితే 'సెక్స్‌టెట్'లో మార్తా టిల్సన్ గొంతు ఒక్కసారి హెడ్‌ఫోన్స్‌లో విను. బాస్ చిందులేస్తుంటే ఆమె ఎక్కడో పక్క గదిలోంచి పాడుతున్నట్టు ఉంటుంది. భయం పోలేదు, ఆమె దగ్గరికి చేరింది.

రాత్రిబండి గారూ, మీరు ముందు 1980 నాటి 'ఫ్లైట్' వినండి. హానెట్ చేసిందే. అటు చీకటీ ఉంది, ఇటు ఫంకూ ఉంది. స్వరాల మధ్య ఖాళీ ఎంత ఉందంటే, మొదటిసారి విన్నప్పుడు నా స్పీకర్ ఒకటి పోయిందేమోనని వైరు చూసుకున్నాను.

రాత్రిబండి:
'ఫ్లైట్' ఇప్పుడే రెండుసార్లు విన్నానండి. రెండోసారి బాస్ ఒక్కటే పట్టుకుని విన్నాను. మీరు చెప్పిన 'టక్' ఎక్కడుందో వెతుకుతూనే పాట అయిపోయింది, మళ్లీ పెట్టాను. ఫ్రెండ్‌కి కూడా లింక్ పంపాను. ఈఎస్‌జీ ఇంకా వినలేదు, 'మూడీ' తర్వాత ఏది వినాలి?

నాలుగుతీగలు:
'యూఎఫ్‌ఓ'. లైట్లు తీసేసి వినండి.