రొయ్య కొమ్ము గుచ్చుకుంటే వేలు ఎందుకు వాస్తుంది? డెక్సా వేయించొచ్చా?

గుంటగట్టు, ఇందుకూరుపేట
రొయ్యల పట్టుబడి అప్పుడు వెనామీ రకం రొయ్య కొమ్ము వేల్లో దిగడం మామూలే. గంటకల్లా ఎర్రబడి సలుపుతుంది, తెల్లారేసరికి లావుగా వాస్తుంది. కొందరు ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) సూది వేయించుకుంటున్నారు. ఇది విషమా? ఆ సూది మంచిదేనా?

ల్యాబ్‌టెక్, నెల్లూరు
విషం కాదన్నా, అది ఒంటి కాపలా పనే. నలిగిన కణాలు, కొమ్ముతో పాటు లోపలికి పోయిన బాక్టీరియా కలిసి అక్కడుండే కాపలా కణాలైన మాస్ట్ కణాలనీ, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లనీ లేపుతాయి. ఆ బాక్టీరియా ఒంటికి కొత్తదైనా సరే, దాని పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థాన్ని పసిగట్టే టోల్ గ్రాహకాలు మనకు పుట్టుకతోనే ఉంటాయి. నిమిషాల్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలై సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎరుపు, వేడి అందుకే. నాళం గోడలో సందులు తెరుచుకుని ప్లాస్మా (రక్తంలోని నీరు) ఊరితే వాపు. సలుపు బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాల వల్ల.

అసలు పని న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలది. కాపలా కణాలు వదిలే టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 అనే సంకేత ప్రొటీన్లు తగిలిన నాళం గోడ సెలెక్టిన్లనే అంటుకునే ప్రొటీన్లను బయటపెడుతుంది. రక్తంలో కొట్టుకుపోయే న్యూట్రోఫిల్ వాటికి తగులుకుని దొర్లి, తన మీదున్న ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లతో గట్టిగా అతుక్కుని, సందులో దూరి గాయానికి చేరుతుంది. కొన్ని గంటల్లో మొదలయ్యే ఈ రాక దాదాపు 24 గంటలకు ముమ్మరమవుతుంది. ఆ తర్వాత మాక్రోఫేజ్‌లదే పైచేయి. చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే.

డెక్సా ఆ అతుక్కోవడాన్నే ఆపుతుంది. వేలు తగ్గినట్టు కనిపిస్తుంది, బాక్టీరియా అలాగే ఉంటుంది. పైగా గాయానికి చేరాల్సిన కణాలు రక్తంలోనే తిరుగుతుంటాయి గనక పరీక్షలో తెల్లకణాల లెక్క పెరిగి కనిపించి డాక్టర్‌ని కూడా తికమక పెడుతుంది. దయచేసి వేయించుకోవద్దు.

కొత్తపట్నం వైద్యం
పై మాట నిజం. చేయాల్సింది: ఉంగరం వెంటనే తీసేయండి, వాచాక రాదు. గుంట నీళ్లతో కాకుండా సబ్బు, ధార నీళ్లతో కడగండి. చెయ్యి గుండెకంటే ఎత్తులో పెట్టండి. టీకాలు పూర్తయినవాళ్లకైనా ఇలాంటి మురికి గాయానికి, చివరి సూది వేసి 5 ఏళ్లు దాటితే ధనుర్వాతం సూది కావాలి. ఎర్రదనం అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. గీత దాటి పాకితే, జ్వరమొస్తే, వేలు వంచలేకపోతే ఆసుపత్రికే. గాయానికి మించిన నొప్పి, నల్లటి నీటిపొక్కులు వస్తే గంటలు కూడా ఆగొద్దు. ఉప్పునీటిలో ఉండే విబ్రియో అనే బాక్టీరియా కావచ్చు. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం.

వారాలైనా గడ్డ కరగకపోతే పెంకు ముక్క లోపలే ఉందేమో అల్ట్రాసౌండ్‌లో చూపించండి. మింగలేని ముక్క చుట్టూ మాక్రోఫేజ్‌లు గోడ కట్టేస్తాయి.

హేచరీ బయాలజీ
గాయం దగ్గరికి కణాలు చేరతాయన్న సంగతి మొదట బయటపడింది కూడా ముల్లుతోనే. 1882లో మెచ్నికోఫ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లల్లో ముళ్లు గుచ్చి, కణాలు వాటి చుట్టూ చేరడం చూశాడు. 1908లో నోబెల్ వచ్చింది. మన రొయ్యకూ అంతే: యాంటీబాడీలు లేవు, రక్తకణాలు గాయం దగ్గర గుమిగూడి ఫినాల్ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో మెలనిన్ అనే నల్లరంగు పదార్థం చేస్తాయి. పెంకు మీద గాయమైన చోట కనిపించే నల్లమచ్చ ఎక్కువగా అదే.