పాత ఇమ్యూనిటీ ఉంటే కొత్త కరోనా టీకా పనిచేయదా?

మిర్యాలగూడ పోరడు:
మా అమ్మ 2021లో రెండు డోసుల కోవిషీల్డ్ వేయించుకుంది, ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో బియ్యం డబ్బా మీదే ఉంది, 2022 సంక్రాంతికి కరోనా కూడా వచ్చిపోయింది. ఇప్పుడు డాలస్‌లో అక్క దగ్గర ఉంది, అక్కడ కొత్త టీకా వేయించుకోమన్నారట. పాత ఇమ్యూనిటీ కొత్తదాన్ని పనిచేయనివ్వదని వాట్సాప్‌లో చదివి అక్కకు ఒకటే టెన్షన్. నిజమేనా?

పాలమూరు ల్యాబ్:
సగం నిజం అన్నా. ఒళ్లు మొదట చూసిన వైరస్‌నే గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది, కొత్త టీకా వేసినా ముందు లేచేవి పాత మెమరీ బి కణాలే (పాత వైరస్‌ను గుర్తుంచుకుని యాంటీబాడీలు తయారుచేసేవి), అవి పాత, కొత్త వైరస్ రకాలు రెండింట్లోనూ మారకుండా ఉన్న భాగాలనే పట్టుకుంటాయి. దీన్ని ఇంప్రింటింగ్ అంటారు. 2022 టీకాలో మొదటి వూహాన్ రకం, ఒమిక్రాన్ రెండూ కలిపారు. 2023లో పాతదాన్ని తీసేసి ఒమిక్రాన్‌లోనే ఒక రకమైన ఎక్స్‌బీబీ.1.5 ఒక్కదానితోనే చేశారు, దాంతో కొత్త రకాలపై యాంటీబాడీలు బాగానే పెరిగాయి.

నకిరేకల్ టీచరమ్మ:
మరి ఒమిక్రాన్ వచ్చిపోవడం లాభమా, నష్టమా?

పాలమూరు ల్యాబ్:
రోగం కోరుకోం గానీ, ఈ లెక్కలో లాభమే మేడం. ఒమిక్రాన్‌ను మళ్లీ మళ్లీ చూసేకొద్దీ ఆ పాత ముద్ర పలచబడుతుంది. ఈమధ్యే కరోనా వచ్చి ఉంటే మాత్రం మూడు నెలలు ఆగొచ్చు.

మిర్యాలగూడ పోరడు:
పోయిన నెలలో అమ్మకు జ్వరమొచ్చిందట, టెస్టు చేయించలేదు. అక్కకు ఫోన్ చేస్తున్నా, డాక్టర్‌కు ఆ సంగతి కూడా చెప్పమని.